అట్టముక్క కింద మహాకావ్యం

పలుకులమ్మ నీకుఁ బ్రణతి సేసెద నేఁడు
ఏడు కడలు దాటి యెసఁగు నుడిని
ముదిమివేళ నాకు ముచ్చటగా నేర్పు
నొజ్జఁ దలఁచుకొనెడి యుదయమిదియె.

శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తిక బహుళ చవితి, స్థిరవారం, నేపర్‌విల్ గ్రామం. తిథి ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి గుణించుకున్నది. స్వదేశపు పంచాంగంతో సరిపోలకపోతే చదువరులు మన్నింతురు గాక.

ఈ ఏడు నగరంలోనే ఉంటున్న మనవరాలు నిన్న సాయంకాలం ఫోన్‌లో ఒక ఉత్తరం చదివి వినిపించింది. విశ్వవిద్యాలయంలోని లాటిను శాఖవారు పాత విద్యార్థులందరికీ పంపిన నాలుగు వాక్యాల ఉత్తరమది. మొదటి వాక్యంలో మాకు కావ్యపాఠం చెప్పిన ఆచార్యురాలు పోయారని ఉంది. రెండవదానిలో ఎన్నేళ్లు పాఠం చెప్పారో ఉంది. సంస్మరణ సభ జరపబోవడం లేదని, అది ఆమె కోరికేనని మూడవదానిలో ఉంది. నాలుగవ వాక్యం నాకు వినబడలేదు.

"తాతయ్యా? హలో? ఆర్ యూ దేర్?" అని పిల్ల రెండుసార్లు అడిగింది.

ఆమె పేరు ఇక్కడ వ్రాయను. మొదటినాడు నల్లబల్ల మీద పేరు వ్రాయడం ఇక్కడి ఆచార్యుల అలవాటు. ఆమె అది చేయలేదు. "నా పేరు మీ కాగితం మీద ఉంది. బల్ల మీద కవికి చోటు కావాలి" అన్నారు. ఆ మాటను మన్నించి నేనూ ఊరుకుంటున్నాను. ఆమె మాట్లాడినది ఆంగ్లమే. నా చెవికి అది ఏ తెలుగుగా వినబడిందో ఆ తెలుగులోనే వ్రాస్తాను.

నేను లాటిను చదవడమేమిటని అడిగేవారికి ఒక మాట. కోస్తాలోని ఒక ప్రాచ్యకళాశాలలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు, సంస్కృతాలు బోధించి, విరమించి, ఇక్కడ మా అమ్మాయి ఇంట స్థిరపడ్డాను. మనవరాలు నగరంలోని విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చదువుతుంది. అక్కడ ఏదైనా ఒక పరభాష నేర్చి తీరాలని నియమం. ఈ పిల్ల లాటిను ఎంచుకుంది. ఒకనాడు వంటింటి బల్ల మీద దాని విభక్తి పట్టిక పెట్టుకుని తల పట్టుకుని కూర్చుంది. నేను కళ్లద్దాలు సవరించుకుని చూశాను. ఎన్నడో ఏడేళ్ల వయసులో మా నాన్నగారి ముందు కూర్చుని వల్లించిన శబ్దమంజరి వేషం మార్చుకుని వచ్చినట్టు కనిపించింది. పట్టికంతా రాగయుక్తంగా చదివేశాను.

"తాతయ్యా, ఇది మీకు ఫన్‌గా ఉందా? సీరియస్‌లీ?"

"పదిసార్లు చదివితే నీకూ ఉంటుంది."

"అయితే మీరే రండి క్లాస్‌కి."

అరవై అయిదు దాటినవారు రుసుము లేకుండా తరగతిలో కూర్చుని వినవచ్చునట. అలా మంగళ, గురువారాలలో మనవరాలితో కలిసి నేపర్‌విల్ స్టేషనులో రైలెక్కి నగరానికి పోవడం మొదలుపెట్టాను. వార్త ఊరంతా పాకింది. గుడిలో మా అమ్మాయి స్నేహితురాలు ఒకావిడ, "అంకుల్, ఎంఎస్ అయ్యాక హెచ్-వన్ అప్లై చేస్తారా?" అని నవ్వించింది. మా వీధి చివరి ఇంట్లో ఉండే గుంటూరు పెద్దమనిషి ఒకరు ఇక్కడి తెలుగు చర్చిలో పెద్ద. ఆయన కారాపి అద్దం దించి, "పంతులుగారూ, మా చర్చిలోనే లేదండీ లాటిను! మీకెక్కడ దొరికిందండీ?" అన్నారు.

మొదటి ఏడు వ్యాకరణం. అది వేరొక యువకుడు చెప్పాడు. రెండవ ఏడు కావ్యపాఠం, ఒకే లాటిను మహాకావ్యంలోంచి ఎంచిన ఘట్టాలు. అది ఆమెది.

పొట్టి మనిషి. డెబ్బై దాటి ఉంటాయి. నెరసిన జుట్టును వార్తాపత్రికల కట్టకు వచ్చే రబ్బరుబ్యాండుతోనే బిగించేవారు. మగవారి చేతిగడియారం, దాని ముఖం మణికట్టు లోపలివైపుకు. కాలం చూడాలంటే ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకోబోతున్నట్టు అరచేయి వెల్లకిలా తిప్పేవారు. కిటికీలూ వెలుతురూ ఉన్న పై అంతస్తు గదిని వదులుకుని నేలమాళిగలో ఒక ఇరుకు గదిని అడిగి తీసుకున్నారు. భవనం మొత్తానికి నల్లబల్ల మిగిలింది ఆ గదిలోనేనట. సుద్దముక్కలు సొంతానివి. రేకు డబ్బాలో తెచ్చుకునేవారు. పాఠం సగమయ్యాక ఒక నారింజపండు తీసి, తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచి, తొనలు ఆ సుద్దడబ్బా మూత మీద పేర్చి అందరికీ పంచేవారు. తొనలకు కాస్త సుద్దపొడి అంటేది. మడి పట్టింపు గల నా వంటివాడు మొదటి వారం వద్దన్నాడు. రెండవ వారం పుచ్చుకున్నాడు.

నా విద్యార్థులు నన్ను ఏమని పిలిచేవారో మొదటినాడే అడిగారు. "మాస్టారు" అన్నాను. ఆ మాటను నాలుగుసార్లు నోట్లో తిప్పి చూసుకుని, నాటి నుంచి "మాస్టరూ" అని దీర్ఘం చివరికి తోసి పిలిచేవారు. తరగతిలోని పిల్లలందరూ అదే పట్టుకున్నారు.

ఇక అట్టముక్క. తొలి తరగతిలో ప్రతి విద్యార్థికీ ఒక అట్టముక్క చేతికిచ్చారు. ఇక్కడివారు ఉదయం పాలలో వేసుకుని తినే ధాన్యపు పెట్టెలుంటాయి. ఇంట్లో ఆ పెట్టె ఖాళీ అయినప్పుడల్లా కత్తిరించి దాచేవారట. పుస్తకం వెడల్పుకు సరిగ్గా సరిపోయే ముక్కలు. నాకు వచ్చినదాని మీద సగం చెంచా బొమ్మ, దానిలో రెండు ఎండుద్రాక్షలు. ఆ అట్టతో పద్యపాదాన్ని కప్పి, ఒక్కొక్క మాట చొప్పున కుడికి జరుపుతూ చదవాలి. తరువాతి మాటను చూడరాదు. ఒక మాట బయటపడగానే ఆగేవారు.

"ఇప్పటివరకు మనకు ఏమి తెలుసు?"

ఆ ఏడాదంతా నేను వారి నోట ఎక్కువగా విన్న వాక్యమిదే. ఎవరో ఒకరు చెప్పేవారు: ఎవరో ఉన్నారు, ఏదో బరువైనది మోస్తున్నారు, ఇంకా ఎక్కడికో తెలియదు. "మంచిది. తెలియకుండానే కాసేపు ఉండండి" అనేవారు. మరో మాట. మళ్లీ అదే ప్రశ్న. ఎవరైనా అట్ట ఎత్తి తొంగిచూస్తే కోపగించుకునేవారు కారు. పుస్తకం మూసి, ఆ పాదాన్ని మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకునేవారు. ఒక్కొక్కనాడు గంటంబావుకు పదకొండు పాదాలు. ముప్పై ఎనిమిదేళ్లలో ఏ తరగతితోనూ ఆ కావ్యం చివరిదాకా చేరలేదని ఆమే చెప్పారు. ఆ చెప్పడంలో చింతా లేదు, గొప్పా లేదు. "కవి నిదానంగా వ్రాశాడు. మనకేమన్నా రైలుందా?" అని నావైపు తిరిగి, "మీకుంది. క్షమించండి, మాస్టరూ" అన్నారు.

నా చదువు ఇందుకు సరిగ్గా ఎదురు. పద్యం చేతికి రాగానే అన్వయక్రమంలో పెట్టడం మా సంప్రదాయం. కర్త ఎవరు, ఏమి చేసెను, దేనిని, ఎట్టి దానిని అని ప్రశ్నించుకుంటూ మాటలన్నిటినీ వచనపు వరుసకు తెచ్చి, ప్రతిపదార్థం వ్రాసి, తాత్పర్యం చెప్పి, పిమ్మట కంఠస్థం చేస్తాము. నేను ఇంటివద్ద పై వారపు పాఠమంతా అలాగే దించి తెలుగులో అర్థాలు వ్రాసుకుని వల్లించుకుని పోయేవాణ్ణి. తరగతిలో అట్ట కదిలించేవాణ్ణి గాని, దాని కింద ఏముందో నాకు ముందే తెలుసు. ఒకనాడు ఆమె నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. తెలుగు అక్షరాలను వేలితో తడిమి చూశారు.

"ఎంత అందంగా ఉంది! కవి చూస్తే ఏమంటాడంటారు?"

"సంతోషిస్తాడు."

"నా మాటల వరుస మార్చిందెవరని అడుగుతాడు" అని పుస్తకం తిరిగి ఇచ్చారు. నేను నవ్వి ఊరుకున్నాను. పరదేశపు పద్ధతి, వారికంతే తెలుసు అనుకున్నాను. ఆ అనుకోవడం ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ శరత్కాలపు మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. నమోదైన విద్యార్థులు ఎనిమిదిమందికి తక్కువైతే తరగతి రద్దు అని కార్యాలయం వారి నియమం. శుక్రవారం గడువు. నమోదైనవారు ఏడుగురు. ఎనిమిదవవాణ్ణి నేను కూర్చునే ఉన్నాను గాని, వినడానికి మాత్రమే వచ్చినవాణ్ణి లెక్కలోకి తీసుకోరట. అంతకు ముందు మూడేళ్లూ ఇదే కారణాన కావ్యపాఠం రద్దయిందని, వచ్చే మే నెలలో ఆమె విరమిస్తున్నారని, ఆ తరువాత ఈ పాఠం చెప్పేవారే లేరని మనవరాలు రైలులో చెప్పింది. ఆమె మాత్రం తరగతిలో ఒక్క మాట అనలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో నేనూ నమోదవుతానన్నాను.

"నాన్నా, క్రెడిట్‌కి రిజిస్టర్ చేసుకుంటే ఎగ్జామ్స్ రాయాలి. తెలుసుగా?" అంది మా అమ్మాయి.

"ముప్పై ఒక్క ఏళ్లు పేపర్లు సెట్ చేసినవాణ్ణే."

"సెట్ చేయడం వేరు, రాయడం వేరు."

"అమ్మా, ప్లీజ్. తాతయ్య విల్ క్రష్ ఇట్" అంది మనవరాలు.

మర్నాడు నమోదు కాగితం పట్టుకుని ఆమె గదికి పోయాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎందుకు?"

"తరగతి నిలవాలి గదా."

"అది చాలదు. చదవడానికైతే సంతకం పెడతాను."

"చదవడానికే."

సంతకం పెట్టి, కలం మూత బిగిస్తూ, "ఇది రెండు భాగాల పాఠం. ఇప్పుడు 'సి' అయినా రాకపోతే జనవరిలో మొదలయ్యే వసంతపు రెండవ భాగానికి మిమ్మల్ని రానివ్వరు. నేను మార్కులు దానం చేయను, మాస్టరూ" అన్నారు.

"నేనూ దానం పుచ్చుకోను" అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

అందులోని ముడి మా ఇద్దరికీ తెలుసు. నేను తప్పితే వసంతానికి మళ్లీ ఏడుగురే. ఆమె చివరి తరగతి సగం కావ్యంతో ఆగిపోతుంది.

అక్టోబరు నడుమ పరీక్ష వచ్చింది. తరగతిలో చదవని భాగం నుంచి పది పాదాలు ఇచ్చి, ఉన్నదున్నట్టు అర్థం వ్రాయమంటారు. అప్పటికి తరగతి దాటి ముందున్నవీ కలిపి నాకు తొమ్మిది వందల పాదాలు నోటికి వచ్చు. కాగితం తిప్పాను. తెల్లవారడం గురించిన వర్ణన. మొదటి పాదం చూడగానే గుర్తుపట్టాను. నాకు వచ్చినదే! కలం పరుగెత్తింది. ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకార విశేషం, పైగా మన కావ్యాలలోని సూర్యోదయాలతో పోలిక. అందరికంటె ముందు ఇచ్చి, మెడ కాస్త నిక్కించి బయటికి నడిచాను.

గురువారం కాగితం తిరిగి వచ్చింది. ఎర్రసిరా ఎక్కడా లేదు. అడుగున పెన్సిలుతో రెండు వాక్యాలు: "చాలా అందంగా ఉంది. కాని ఇది వేరొక ఉదయం." దాని కింద 'ఎఫ్'.

ఆ కవి తెల్లవారినప్పుడల్లా అదే పాదం వాడతాడు. నాకు కంఠస్థమైనది ఒక యుద్ధపు ఉదయం. ప్రశ్నపత్రం మీద ఉన్నది శవాలను ఎత్తుకోవడానికి సంధి అడిగిన ఉదయం. మొదటి పాదం తరువాత నేను కాగితం వైపు చూడనే లేదు. ఉన్న దుఃఖాన్ని వదిలి, లేని శౌర్యాన్ని రెండు పుటలు వ్యాఖ్యానించాను.

ఆమె గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. పోయి నిలుచున్నాను. కుర్చీ మీది పుస్తకాలు తీసి కూర్చోమన్నారు.

"తప్పు నాదే" అన్నాను. "కాని నేను తప్పితే వసంతంలో ఏమవుతుందో మీకు తెలుసు."

"తెలుసు."

"అయినా వేశారు."

"అయినా."

కిందుగా రైలు పోతున్న అదురు నేలలో తెలిసింది.

"మీరైతే ఏమి చేసేవారు?" అని అడిగారు. దెప్పడానికి కాదు. తెలుసుకోవాలన్నట్టే అడిగారు.

అప్పుడు నేను ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. మా ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ తరగతికి పిల్లలు తగ్గిపోతున్న రోజులలో, పై తరగతి నిలబడాలని, నేను దిద్దిన కాగితాలలో తప్పవలసినవారందరినీ గట్టెక్కించాను. ఒకటి రెండేళ్లు కాదు, ఆరేళ్లు. పద్యం చదవడం రానివారికి ప్రథమ శ్రేణి ఇచ్చాను. వారిలో కొందరు తరువాత పంతుళ్లయ్యారు.

ఆమె శ్రద్ధగా విన్నారు.

"మరి, కళాశాల నిలిచిందా?"

"లేదు. మూసేశారు."

"ఓహో" అన్నారు. అంతే. డ్రాయరు లాగి నారింజపండు తీశారు. ఒలిచి సగం నాకు ఇచ్చి, "చివరి పరీక్షకు ఎనిమిది వారాలుంది. తరగతికి గంట ముందు రండి. ఏ పుట తెరుస్తానో నాకే తెలియదు. నోటుపుస్తకం తేవద్దు" అన్నారు.

ఆ ఎనిమిది వారాలు నేను అక్షరాలా చదువు నేర్చుకున్నాను. ఆమె పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి అట్ట పెట్టేవారు. మొదటి మాట. నా మనస్సు వెంటనే కర్తను వెతుక్కుంటూ అట్ట కిందికి దూరబోయేది. ఆమె అట్ట మీద రెండు వేళ్లు ఆనించి ఉంచేవారు. ఊహించి చెప్పబోతే, "అది మీకు తెలుసా, అనిపించిందా?" అనేవారు. అనిపించిందని ఒప్పుకుంటే సరే. తెలుసునని బుకాయిస్తే మళ్లీ మొదటి మాట. ఆమెకు విసుగు రావడం నేను చూడలేదు. నాకు వచ్చేది. ఒకసారి, "ఇలా చదివితే ఈ జన్మకు పూర్తి కాదు" అన్నాను. "కాదు" అని ఒప్పుకుని అట్ట మరో మాట జరిపారు.

రైలులో ఆ పని మనవరాలిది. ఎదురుగా కూర్చుని, నా మోకాళ్ల మీద పుస్తకం పెట్టి, అట్ట తన చేతిలో ఉంచుకునేది. ఆరేళ్లప్పుడు ఆ పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని తెలుగు పద్యాలు వల్లె వేయించినందుకు తగిన ప్రతిఫలం అనుభవించాను.

"తాతయ్యా, డోంట్ పీక్!"

"చూడలేదే."

"ఐ సా యువర్ ఐస్! మీరు నెక్స్ట్ లైన్‌కి వెళ్లారు. మళ్లీ ఫస్ట్ నుంచి."

"అన్యాయం. ఆ మాట వచ్చేసింది గదా."

"రాలేదు. మీరు గెస్ కొట్టారు. నేను చిన్నప్పుడు గెస్ కొడితే మీరేం చేసేవారు? చెవి ట్విస్ట్ చేసేవారు. వాంట్ మీ టు?"

ఒకనాడు టికెట్లు చూడవచ్చిన కండక్టరు, నల్లజాతి పెద్దమనిషి, ఇదంతా చూసి ఆగిపోయాడు. ఏం ఆట అని అడిగాడు.

"హీ ఈజ్ లెర్నింగ్ టు రీడ్" అంది మనవరాలు, ముఖం ఏమాత్రం మారకుండా.

ఆయన టోపీ తీసి, నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో దయతో, "నెవర్ టూ లేట్, సర్. మా అమ్మ అరవై రెండో ఏట నేర్చుకుంది. గాడ్ బ్లెస్ యూ" అన్నాడు. ఉభయభాషాప్రవీణుణ్ణి, శతావధానాలకు పృచ్ఛకుడిగా కూర్చున్నవాణ్ణి, ఆయన కళ్లలోని నీటిపొర చూసి కాదనలేక చేతులు జోడించాను. ఆ కథ చెబితే ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. "ఆయన చెప్పింది తప్పు కాదు, మాస్టరూ" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. అప్పటి నుంచి ఆ కండక్టరు కనబడినప్పుడల్లా ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. రోజుకు కొంచెం అని చెప్పేవాణ్ణి.

డిసెంబరులో చివరి పరీక్ష. పది పాదాలు. ఇంటి నుంచి అట్టముక్క తెచ్చుకోవచ్చునన్నారు. అట్ట జరుపుతూ ఎనిమిది పాదాలు నెమ్మదిగా చదివాను. ఒక ముసలి తండ్రి కొడుకు గుర్రాన్ని నిమురుతూ దానితో మాట్లాడుతున్నాడు. మిగిలిన రెండు పాదాలలో మూడు మాటలు నాకు ఎదురుకానివి. సరిగ్గా అక్కడ అతికేలా వేరొక చోటి రెండు పాదాలు నా నోట సిద్ధంగా ఉన్నాయి. వ్రాస్తే చూడముచ్చటగా ఉండేది. ఏడుగురు పిల్లలూ తల వంచుకుని వ్రాస్తున్నారు. వారి వసంతం నా కలం కొసన ఉందని నాకు తెలుసు. ఎదుట ఆమె సుద్దడబ్బా తుడుచుకుంటున్నారు. ఆ చోటు ఖాళీగా వదిలి, "ఇంతవరకే తెలిసింది" అని ఆంగ్లంలో వ్రాసి ఇచ్చేశాను. ఈసారి అందరికంటె చివర.

వచ్చింది 'సి'. పక్కన ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. ఖాళీ వదిలిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది. దాని గురించి ఆమె ఎన్నడూ ప్రస్తావించలేదు. "జనవరిలో కలుద్దాం" అన్నారు, అందరితో అన్నట్టే.

"తాతయ్యకి సీ వచ్చింది! సీ!" అని మనవరాలు ఇంట్లో అడుగుపెడుతూనే కేకలు వేసింది. మా అమ్మాయి సేమ్యా పాయసం వండింది. నేపర్‌విల్ తెలుగువారిలో పిల్లకు 'సి' వస్తే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. 'సి' వచ్చిందని పాయసం వండుకున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. విద్వత్పరీక్షలో వచ్చిన బంగారు పతకం ఏ పెట్టెలో ఉందో నాకు గుర్తు లేదు. ఆ కాగితం మాత్రం నా పుస్తకాల అరలో ఉంది.

వసంతానికి ఎనిమిదిమందిమి. మంచు కరుగుతున్న రోజులలో బూట్లు తలుపు దగ్గర వరుసగా విప్పి ఆ నేలమాళిగలో కూర్చునేవాళ్లం. మార్చిలో ఆమె నిలబడి పాఠం చెప్పడం మానేశారు. ఏప్రిల్‌లో బల్ల మీద వ్రాయడం మా వంతయింది. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఆమె చెప్పలేదు. నారింజ ఒలవడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తొక్క అప్పుడప్పుడూ తెగేది.

ఆమె పట్టుదల ఒకటుంది. సమయం కాగానే ఆపేవారు. పాదం మధ్యనైనా, మాట మధ్యనైనా. మే నెలలో చివరి తరగతినాటికి చివరి సర్గలో మూడు వందల పైచిలుకు పాదాలు మిగిలాయి. అంత దూరం ఆమె ఏ తరగతితోనూ రాలేదు. ఆనాడు ఒక పొడవైన వాక్యంలో ఉన్నాము. ఓడిన వీరుడు చేయి చాచి ఏదో అడగబోతున్నాడు. ఏమి అడుగుతాడో ఇంకా అట్ట కిందే ఉంది. ఆమె అరచేయి తిప్పి గడియారం చూసుకున్నారు.

"సమయమైంది."

"ప్రొఫెసర్, ఈ ఒక్క సెంటెన్సు అయినా..." అన్నాడు వెనుక బెంచీ కుర్రవాడు.

"వచ్చే తరగతిలో ఇక్కడి నుంచి" అన్నారు ఆమె. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. అన్న తరువాత తామేమన్నారో తెలిసింది కాబోలు, పెదవి బిగించి నవ్వి, సుద్దముక్కలు డబ్బాలో వేసుకున్నారు. ఎవరమూ సరిదిద్దలేదు. ఎనిమిదిమందిమీ ఆ చోట గుర్తు పెట్టుకుని పుస్తకాలు మూశాము.

తరువాత ఆమెను చూడలేదు. వేసవిలో ఒక ఉత్తరం వ్రాశాను, జవాబు వచ్చింది, రెండు పంక్తులు. ఆరోగ్యం సంగతి లేదు. తోటలో టమాటాలు బాగా కాశాయట.

ఈ మధ్య ఉదయం వేళ, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న తెలుగు పద్యాలే తీసి అట్ట పెట్టి చదువుతున్నాను. నోరు ముందుకు పరుగెత్తుతుంది. దాన్ని ఆపడం కష్టం. మొన్న ఒక పద్యంలో, ముప్పై ఒక్క ఏళ్లు తరగతిలో చెప్పిన పద్యమే, రెండవ పాదంలో ఒక మాట దగ్గర ఆగి, ఇది ఇక్కడ ఎందుకుందని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. జవాబు తెలియలేదు. ఎన్ని వందలమందికి ఆ మాట అర్థం చెప్పి ఉంటానో! ఆమెకు ఈ సంగతి వ్రాయాలని కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ వారం గడిచింది. నిన్న ఫోన్ వచ్చింది.

ఫోన్‌లో పిల్ల ఏడుస్తూనే ఉంది. "తాతయ్యా, మనం ఫినిష్ చేయలేదు కదా. ఆమెతో ఫినిష్ చేసుంటే బావుండేది" అంది.

"ఎవరితోనూ చేయలేదు, తల్లీ."

"ఐ నో. బట్ మనది చాలా దగ్గరికి వచ్చింది." ముక్కు చీదుకుని, "అందరి నంబర్లూ నా దగ్గర ఉన్నాయి. టెక్స్ట్ చేయనా?" అని అడిగింది.

చేయమన్నాను.

శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, పుష్య బహుళ దశమి, ఇందువారం. కావ్యపాఠం ఈ వసంతపు జాబితాలో లేదు. నగరంలోని ప్రజాగ్రంథాలయంలో ఒక గది అడిగి తీసుకున్నాము. ఎనిమిదిమందిలో ఆరుగురు వచ్చారు. ఆనాడు గుర్తు పెట్టుకున్న చోటి నుంచి, గంటన్నర కూర్చుని పందొమ్మిది పాదాలు చదివాము.